మొక్కు జుట్టు

ఫిబ్రవరి 2, 2020, ఆదివారం

ఈ వాట్సాప్ గ్రూప్‌లో నేనొక్కడినే ఉన్నాను. ఎడ్వర్డ్ బాబాయిని చేర్చి, గ్రూప్ తయారవగానే తీసేశాను. ఎందుకు చేర్చావని ఫోన్ చేసి అడిగితే పొరపాటున వేలు తగిలిందన్నాను. ఇక ఇక్కడ ఏం రాసినా ఎవరూ చదవరు.

ఈ రోజు పొద్దున పని మొదలయ్యే ముందు అందరినీ వరసలో నిలబెట్టి, కామేశ్వరరావు సార్ నన్ను ముందుకు పిలిచాడు. ఆయన మా సేఫ్టీ ఆఫీసర్. హెల్మెట్ తియ్యమన్నాడు. జుట్టు మెడ మీద పడింది. నూట నలభై మంది చూశారు. నేపాల్ వాళ్ళు సిస్టర్, సిస్టర్ అని పిలిచారు. సార్ మాత్రం నవ్వలేదు. పదహారో తారీఖున మేము కడుతున్న స్టేడియం చూడటానికి ఫుట్‌బాల్ పెద్దవాళ్ళు వస్తున్నారట. ఫోటోలు తీస్తారట. అప్పటికి జుట్టు తీయించకపోతే ఈ సైట్‌లో ఉండనివ్వనని చెప్పాడు.

"తీయిస్తావా, తీయించవా? నోట్లో నాలుక లేదేంటయ్యా?"

నేను బూట్ల వంక చూశాను. నా గొంతు నూట నలభై మందిలో రాదు. సార్ దాన్ని సరే అనుకున్నాడు. అది సరే కాదు.

ఇది మొక్కు జుట్టు. గుణదల మరియమాతకి మొక్కాను. ఏప్రిల్ నుంచి కత్తెర తగల్లేదు. మాత పండగ రోజు చెప్పుల్లేకుండా ఇక్కడి చర్చికి నడిచి, జుట్టు ఇస్తానని మొక్కు. ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ మాట చెప్పేస్తే అప్పటిదాకా ఆగడానికి సార్ ఒప్పుకుంటాడేమో. కానీ ఎవరి కోసం మొక్కావని అడుగుతాడు. ఎవరి కోసమో చెప్తే ఎందుకని అడుగుతాడు.

ఫిబ్రవరి 3

తియ్యను.

ఫిబ్రవరి 6, గురువారం

చిరంజీవి అన్న వీడియో కాల్ చేశాడు. జగిత్యాల దగ్గర వాళ్ళ ఊరు. ఈ గదిలో నా పై మంచం అతనిదే. ఇప్పుడు దాని మీద ఒక బంగ్లాదేశ్ అతను పడుకుంటున్నాడు. నేను కొత్తగా వచ్చినప్పుడు స్నానాల దగ్గర లైన్లో తన బకెట్‌తో పాటు నా బకెట్ కూడా అన్నే పెట్టేవాడు. జరగమని ఎవరినీ అడగలేక పోయిన ఏడాది మొదటి వారమంతా నేను మొహం మాత్రమే కడుక్కుని డ్యూటీకి వెళ్ళాను. అది చూసి పెట్టడం మొదలుపెట్టాడు. 

వాళ్ళ ఇంట్లో మంచం మీద నుంచే మాట్లాడాడు. నడుములో రాడ్లు వేసి పది నెలలు అవుతోంది. కాళ్ళలో స్పర్శ వచ్చింది కానీ నిలబడలేడు.

"ఏంరా జోజి, పోరి లెక్క తయారైనవ్. సంబంధం చూడాల్నా?"

ఫ్యాషన్ అన్నాను. వెనక నుంచి వాళ్ళమ్మ ఎల్లవ్వ, దుబాయ్‌ల కటింగ్ షాపులు లేవా బిడ్డా అని అడిగింది. ఇది ఖతార్ అని చిరంజీవి అన్న చెప్తే, ఏదో ఒక దుబాయ్ అంది. ముగ్గురం నవ్వాం.

ఏప్రిల్ పద్నాలుగున నాకు కడుపునొప్పి వచ్చింది. నిజంగానే వచ్చింది. అందుకే అయిదో వరస స్కాఫోల్డింగ్, అంటే పరంజా మీదికి, నా వంతు అన్న ఎక్కాడు. పలక జారి అన్న కింద పడ్డాడు. మూడు రోజులు కళ్ళు తెరవలేదు. హాస్పిటల్ బయట నిలబడి మొక్కాను, బతికితే చాలని. బతికాడు. మొక్కు తీర్చడమే మిగిలింది.

కడుపునొప్పి ఎవరికైనా వస్తుంది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

కటింగ్ చేసే అతన్ని క్యాంప్‌కే పిలిపించారు. క్యాంప్ బాస్ కాగితం మీద నా పేరు రాసుకుని గది గదికీ తిరిగాడట. నేను నిత్యానందం గారి గదిలో, ఆయన మంచం కింద కూర్చున్నాను. దాక్కోలేదు. అక్కడ చల్లగా ఉంటుంది.

నిత్యానందం గారు పైప్ ఫిట్టర్. నూజివీడు అవతల ఊరు. మా లాగే ఆర్‌సీఎం క్రైస్తవులు. పెళ్ళి కాకముందు నుంచీ ప్రతి ఫిబ్రవరిలో గుణదల నడిచేవారట. ఇక్కడికి వచ్చాక కూడా మానలేదు. ఉమ్ సలాల్లోని ఈ క్యాంప్ నుంచి అబూ హమూర్ చర్చి దాకా ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. జెండాతో, పాటలతో రోడ్డు మీద నడవనివ్వరు కాబట్టి, ఏదో పని మీద పోతున్నట్టు నడుస్తారట. ఈ ఏడు మాత్రం పండగ, ఖతార్ స్పోర్ట్స్ డే ఒకే రోజు పడ్డాయి. సెలవు.

"దేశం దేశమంతా నడుస్తుందిరా ఆ రోజు. షేకులు కూడా నడుస్తారు. మనల్ని ఎవడాపుతాడు?"

నేనూ వస్తానన్నాను. మంచం కింద నుంచే అన్నాను. సరిగ్గా వినపడిందో లేదోనని మళ్ళీ అన్నాను.

ఫిబ్రవరి 9

స్పోర్ట్స్ డేకి కంపెనీ టీషర్టులు ఇచ్చింది. నారింజ రంగు. నాకు మోకాళ్ళ దాకా వచ్చింది. క్యాంప్ గ్రౌండ్‌లో తాడు లాగే పోటీ ఉందట, అందరూ రావాలట. రాను.

ఫిబ్రవరి 10

రేపే. కడుపులో నొప్పిగా ఉంది. అయినా వెళ్తాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

చర్చి కాంపౌండ్‌లో గోడ నీడన పడుకుని రాస్తున్నాను. నాలుగైంది. మోకాళ్ళ కింద ఉన్నవి నా కాళ్ళు కావు.

తెల్లవారుతుండగా బయలుదేరాం. నిత్యానందం గారు, ఆయన గదిలోని ముగ్గురు, నేను. అందరికీ నారింజ టీషర్టులే. జపమాలలు ప్యాంటు జేబుల్లో, చేతులు కూడా జేబుల్లోనే. చూసేవాళ్ళు చలి అనుకునేట్టు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. చెప్పులు లేనిది నాకూ, నిత్యానందం గారికీ.

గంట నడిచామో లేదో పోలీసు బండి పక్కన ఆగింది. పారిపోదామా అనిపించింది. పోలీసు మా కాళ్ళ వంక చూసి చెప్పులేవని అడిగాడు. నిత్యానందం గారు టీషర్టు మీద అక్షరాలు చూపించి, స్పోర్ట్స్ డే అన్నారు. చెప్పుల్లేకుండా నడిస్తే సుగర్ తగ్గుతుందని హిందీలో చెప్పారు. పోలీసు కాసేపు ఆలోచించాడు. వాళ్ళ నాన్నకీ సుగరేనట. ఎన్ని కిలోమీటర్లు నడవాలి, రోజూ నడవాలా అని అడిగి, అయిదు నీళ్ళ సీసాలు ఇచ్చి, యల్లా, ఇక పదండి అన్నాడు. బండి వెళ్ళాక నిత్యానందం గారు, దేవుడి పేరు మీద ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు గమనించావా అన్నారు. నిజంగానే ఆయనకి సుగరుంది.

పది దాటాక రోడ్డు కాలడం మొదలైంది. ఎడమ కాలి కింద చర్మం పొక్కి, పగిలి, తడి తగిలింది. ఆస్పైర్ పార్కు దగ్గర జనమే జనం. బూట్లు, టోపీలు, సైకిళ్ళు, పాటలు. ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి నన్ను ఆపి, మెడలో మెడల్ వేసింది. ఎన్ని కిలోమీటర్లని అడిగింది. నిత్యానందం గారు చెప్పారు. ఆమె నమ్మక నా కాళ్ళు చూసింది. ఇంకొక మెడల్ కూడా వేసింది. ఆగి కూర్చోమంది. కూర్చోలేదు. కూర్చుంటే లేవనని నాకు తెలుసు.

ఒంటిగంటకి చేరాం. ఇక్కడ చర్చిల మీద సిలువ ఉండదు. తెలియని వాళ్ళు చూస్తే ఆఫీసులనుకుంటారు. గేటు దగ్గర సంచులన్నీ మెషిన్లో పెట్టారు. నిత్యానందం గారి కొబ్బరికాయ మెషిన్లోకి వెళ్ళి ఆగిపోయింది. గార్డు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

లోపల మాత పాదాల దగ్గర నేనేం అడగలేదు. వచ్చానని మాత్రం చెప్పాను. తర్వాత ఈ గోడ పక్కన పడ్డాను. చుట్టూ ఎన్ని దేశాల వాళ్ళో. ఎవరి భోజనం వాళ్ళు విప్పుకుని తింటున్నారు. ఎవరూ నన్ను లెమ్మనలేదు. ఈ దేశం వచ్చాక పగటిపూట ఇంతసేపు పడుకోవడం ఇదే మొదలు.

నిత్యానందం గారు సీసాలో నీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద పోశారు.

"ఎవరి కోసంరా?"

చిరంజీవి అన్న పేరు చెప్పాను. అంతవరకే చెప్పాను.

"నువ్వు మొక్కినట్టు అతనికి తెలుసా?"

తెలియదన్నాను. ఆయన ఇంకో సీసా పోశారు.

"మా తమ్ముడి పేరు మీద నేనొకటి తీర్చాను, వాడికి చెప్పకుండా. వాడికి ఏ ఉపయోగమూ కలగలేదు. నాకే నిద్ర పట్టింది."

ఆయన ఎందుకలా అన్నారో తెలియదు. ఆయనకి ఏమీ తెలియదు. కడుపునొప్పి సంగతి ఎవరికీ తెలియదు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో ఎడ్వర్డ్ బాబాయి వాళ్ళింట్లో ఉన్నాను. విల్లాలో ఒక గది వాళ్ళది. తెరెసా పిన్ని క్లినిక్‌లో నర్సు. మూడు రోజుల సిక్ చీటీ తెచ్చింది. అరికాళ్ళకి కట్టు కట్టింది. బాత్‌రూమ్‌కి గోడ పట్టుకుని మడమల మీద నడుస్తున్నాను. అయిదడుగుల దూరం. ఆ అయిదడుగులూ చిరంజీవి అన్న గుర్తొస్తాడు. ఇంకేం గుర్తు రాదు.

నిన్న సాయంత్రం చర్చిలో గార్డు జుట్టు తియ్యడానికి ఒప్పుకోలేదు కాబట్టి, పండగకి అక్కడికే వచ్చిన బాబాయి నన్ను ఇంటికి తీసుకొచ్చి మేడ మీద కుర్చీ వేశాడు. కింద దుప్పటి పరిచారు. వెంట్రుకలు ఒక్కటి కూడా పోకుండా మూటగట్టి, సెలవు మీద వెళ్ళే వాళ్ళ చేత గుణదల పంపాలని పిన్ని ఆలోచన. బాబాయి ట్రిమ్మర్ ఆన్ చేశాడు. నేను కుర్చీలోంచి లేచాను.

ట్రిమ్మర్ చప్పుడు నచ్చలేదు. అంతే.

ఫిబ్రవరి 13

కామేశ్వరరావు సార్ బాబాయికి ఫోన్ చేశాడు. నన్ను ఈ కంపెనీలో పెట్టించింది బాబాయే కదా. ఫోన్ పెట్టేశాక బాబాయి నా ఎదురుగా కూర్చున్నాడు. అరవలేదు. బాబాయి ఎప్పుడూ ఆఫీసులో కాగితాలు సర్దినట్టు మాట్లాడతాడు.

"నడిచేశావ్. జుట్టు కూడా ఇచ్చేసేయ్. మాతకి మాత, కంపెనీకి కంపెనీ, ఇద్దరికీ సరిపోద్ది. ఇంక దేనికిరా మొండితనం?"

 సరిపోవడమే నాకు నచ్చలేదు. ఒక్క జుట్టు ఇద్దరికి ఇవ్వను. కంపెనీ అడిగినప్పుడు తీసేస్తే అది కంపెనీకి ఇచ్చినట్టే.

ఉద్యోగం పోతే మీ అమ్మకి ఏం చెప్పాలని బాబాయి అడిగాడు. పిన్ని కట్టు మారుస్తూ, వాడు ఏదో దాస్తున్నాడండి, వదిలెయ్యండి అంది. దాయడం లేదన్నాను. ఆ గదిలో నేను మాట్లాడింది ఆ ఒక్క మాటే. అదీ నిజం కాదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

కడుపునొప్పి లేదు.

ఏప్రిల్ పద్నాలుగున నాకు కడుపునొప్పి లేదు. ముందు రోజు అయిదో వరస మీద నుంచి కిందికి చూశాను. కాళ్ళు వణికాయి. దిగేటప్పుడు ఏడ్చాను, ఎవరూ చూడలేదు. మర్నాడు నా వంతు వచ్చింది. భయమేస్తోందని చెప్పి ఉంటే ఫోర్‌మన్ తిట్టి ఇంకో పని ఇచ్చేవాడు. అందరూ నవ్వుతారని చెప్పలేదు. కడుపు పట్టుకుని కూర్చున్నాను. చిరంజీవి అన్న నా భుజం తట్టి, నువ్వు పండుకో నేను పోతా అన్నాడు. తన పని అయిపోయింది అప్పటికి. టీ తాగబోతున్నాడు. గ్లాసు నా చేతికిచ్చి ఎక్కాడు.

ఆ టీ నేను తాగాను.

ఇవాళ వారపు సెలవు, పొద్దున అందరూ చర్చికి వెళ్ళాక ఇదంతా చిరంజీవి అన్నకి వాయిస్ మెసేజ్‌లో చెప్పాను. నాలుగు సార్లు చెప్పి నాలుగు సార్లు తుడిచేశాను. అయిదోసారి టీ సంగతి దాటి చివరిదాకా వెళ్ళాను. ఈసారి తుడవలేదు. మొక్కు సంగతి కూడా చెప్పాను, నడిచింది చెప్పాను, జుట్టు ఇంకా తలమీదే ఉందని చెప్పాను. పంపేశాను.

పదకొండు నిమిషాలకి విన్నట్టు నీలం గుర్తు వచ్చింది. మాట రాలేదు.

మధ్యాహ్నం మళ్ళీ చూశాను. రాలేదు.

ఫిబ్రవరి 15, శనివారం

పొద్దున ఎల్లవ్వ ఫోన్ చేసింది. చిరంజీవి అన్న నంబర్ నుంచే. అన్న పక్కన ఉన్నాడో లేడో తెలియదు.

"నువ్వు పోవాల్సిన కాడికి నా కొడుకు పోయిండు. గంతేనా బిడ్డా?"

"అవునమ్మా."

"వాడు నిన్నటి సంది సరిగ తింటలేడు. గోడ దిక్కు మల్లి పండుకున్నడు."

ఆమె తిట్టలేదు. ఏడవలేదు. తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. మొక్కు సంగతి మళ్ళీ చెప్పమంది. చెప్పాను. బతికితే జుట్టు ఇస్తానని మొక్కానని చెప్పాను.  ఫోన్ కట్టయిందేమోనని చూశాను.

"వాడు బతికినందుకు మేము వేములవాడ రాజన్నకు కోడెను కట్టినం. ఆ మొక్కు ఒడిసింది. దానికి మల్ల నీది అవసరం లేదు."

నడిచింది, పెంచింది, అన్నీ ఆమె ఒక్క మాటతో పక్కకి తీసి పెట్టేసింది.  కాళ్ళ కట్ల వంక చూస్తూ కూర్చున్నాను.

"బతుకుడొక్కటే ఉంటదా బిడ్డా? వాడు లేవాలె. నడువాలె. బాత్‌రూంకు నేను ఎత్తుకపోవుడు బందు కావాలె. దానికి ఇంక ఎవలం మొక్కలే. నువ్వు మొక్కు. వాడు నడిసేదాక ఆ నెత్తి ముట్టకు."

"ముట్టనమ్మా."

"కంపెనోడు తియ్యమంటే?"

"తియ్యను."

ఆమె సరే అనలేదు. ఫోన్ పెట్టేసింది. బాబాయితో రేపు డ్యూటీకి వెళ్తానన్నాను. జుట్టుతోనా అని అడిగాడు. జుట్టుతోనే అన్నాను. పిన్ని లేచి వెళ్ళి తన పాత చున్నీ ఒకటి చింపి, తలకి కట్టుకోవడానికి పట్టీ కుట్టి ఇచ్చింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

పట్టీ కట్టుకుని జుట్టంతా లోపలికి దోపి, పైన హెల్మెట్ పెట్టాను. ఒక్క వెంట్రుక బయటికి లేదు. బూట్లలో కాళ్ళు మండుతున్నాయి. సైట్ గేటు దగ్గర కొత్త తివాచీ పరిచారు. పూలకుండీలు పెట్టారు. నిన్నటిదాకా అక్కడ సిమెంటు బస్తాలుండేవట.

కామేశ్వరరావు సార్ హెల్మెట్ తియ్యమన్నాడు. పట్టీ విప్పమన్నాడు. విప్పాను.

"మొక్కు తీరిపోయిందని మీ బాబాయి చెప్పాడు. మరి ఇదేంటయ్యా?"

"తీరలేదు సార్. చిరంజీవి అన్న నడవాలి. అప్పటిదాకా తియ్యను."

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. వరసలో వాళ్ళు మాటలు ఆపారు. సార్ ఎవరా చిరంజీవి అనబోయి, గుర్తొచ్చినట్టుంది, ఆగిపోయాడు. అన్న పడిన రోజు రిపోర్ట్ రాసింది ఆయనే. నేను ఆగలేదు. ఆ రోజు ఎక్కాల్సింది నేనని, కడుపునొప్పి అబద్ధమని, భయమేసి ఎక్కలేదని చెప్పాను. నూట నలభై మంది విన్నారు. కావాలంటే రాసుకోండి సార్ అన్నాను.

ఆయన రాసుకోలేదు. అదంతా ఇప్పుడెవరడిగారయ్యా అన్నాడు, మెల్లగా. తర్వాత గేటు వంక చూశాడు. వచ్చేవాళ్ళ కార్లకి టైమవుతోంది.

"నిన్ను రాస్ లఫాన్ పంపించేస్తాను. ఎడారిలో పడుంటావ్. ఈ స్టేడియంలో ఒక్క ఆట కూడా చూడవ్."

"పంపండి సార్. అక్కడ కూడా పెరుగుద్ది."

వెనక ఎవరో నవ్వారు. నేపాల్ వాళ్ళలో ఒకతను. ఈసారి సిస్టర్ అనలేదు. సార్ నన్ను బస్సులో కూర్చోబెట్టమన్నాడు. కార్లు వచ్చి, ఫోటోలు తీసి వెళ్ళిపోయేదాకా బస్సు కిటికీ దగ్గర కూర్చున్నాను. పరదా వెయ్యమన్నారు. వెయ్యలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

రాస్ లఫాన్. కొత్త క్యాంప్, కొత్త గది, పై మంచం. గాలికి ఇసుక దుప్పట్లోకి వస్తుంది. ఇక్కడా స్కాఫోల్డింగ్ పనే. మొదటి రోజు ఎక్కేముందు భయమేస్తోందని ఫోర్‌మన్‌కి చెప్పాను. మొహం మీదే చెప్పాను. ఆయన నవ్వాడు, మిగతా వాళ్ళూ నవ్వారు. నవ్వనీ. ఈ వారం రెండో వరస దాకానే అన్నాడు. రెండో వరస దాకా ఎక్కాను, పైపులు అందించి దిగాను.

పొద్దున స్నానాల దగ్గర ఒకతను నా ముందుకు దూరాడు. లైన్ నాది భాయ్ అన్నాను. జరిగాడు.

సాయంత్రం చిరంజీవి అన్న నుంచి మాట వచ్చింది. ఆరు రోజుల తర్వాత. తొమ్మిది సెకన్లు. ముందు అయిదు సెకన్లు ఊపిరి చప్పుడే ఉంది. తర్వాత ఇంతే అన్నాడు.

"నూనె పెట్టుకోరా. చిక్కులు వడ్తయ్. నాకింక శాన దినాలు వడ్తది."

నాలుగు సార్లు విన్నాను. క్యాంప్ దుకాణానికి వెళ్ళి కొబ్బరినూనె అడిగాను. చిన్న సీసా చూపించాడు. అది కాదు, పెద్దది ఇవ్వమన్నాను.